మొదటి కోరల్ ఏది కొనాలి? ఇండియా ట్రిప్పును లెక్కలో వేసుకుని చెప్పే సలహా

మొన్న ఆదివారం వరసకు తమ్ముడయ్యే కుర్రాడు డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, షాపులో గోల్డ్ టార్చ్ కోరల్ ఒకటి చూశాను. రెండు తలలు, నాలుగు వందల డాలర్లు. తీసేసుకోనా?" ట్యాంక్ పెట్టి ఎన్నాళ్ళయిందిరా అంటే ఏడు వారాలన్నాడు. డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నారా అంటే, నాలుగు వారాలు, టికెట్లు కూడా తీసేశాం అన్నాడు. "అయితే వద్దు" అన్నాను. "రంగు చాలా బాగుందన్నా" అన్నాడు.

రంగు బాగుంటుంది, దాంతో నాకు పేచీ లేదు. కానీ డాలస్ చుట్టుపక్కల ఉప్పునీటి ట్యాంకులు పెట్టిన తెలుగువాళ్ళు నాకు ఓ పది పన్నెండు మంది తెలుసు. ట్యాంక్ ఎత్తేసినవాళ్ళలో ఎక్కువమంది ఎత్తేసింది ఇండియా నుంచి తిరిగొచ్చిన వారంలోనే. ఇక్కడివాళ్ళు ఊరెళ్తే ఐదు రోజులో వారమో. మనం వెళ్తే నెల. వాళ్ళకోసం రాసిన సలహాలు మనకు సగమే పనికొస్తాయి. అందుకే కోరల్స్‌ని పోల్చేటప్పుడు నేను ముందు అడిగే ప్రశ్న ఇది: ఇంటికి తాళం వేసి నాలుగు వారాలు వెళ్తే ఇది బతికుంటుందా?

పగడమూ కోరలూ ఒకటేనా?

మా అమ్మ మొదటిసారి ట్యాంక్ చూసినప్పుడు, "ఇవి పగడాలా? ఎర్రగా లేవేం?" అంది. ఆవిడ వేలికి కుజుడి కోసం పెట్టుకున్న పగడం ఉంది. ఆ ఉంగరంలోది మధ్యధరా సముద్రంలో దొరికే ఎర్ర పగడం గట్టి కాడ, సానపట్టి చేసింది. ఆ జీవి రాతి గుహల్లో, లోతైన నీళ్ళలో, చీకటిమాటున బతుకుతుంది. మన ట్యాంకుల్లో పెంచేవాటిలో ఎక్కువ భాగం ఎండ మీద బతికేవి. వాటి కండలోపల కంటికి కనిపించనంత చిన్న నాచు ఉంటుంది. అది వెలుతురుతో పిండివంట చేసి ఇంటి యజమానికి పెడుతుంది. యజమాని వదిలే వ్యర్థాలే దానికి ఎరువు. నీళ్ళు వేడెక్కినా, లైటు ఒక్కసారిగా పెంచినా కోరల్ ఆ నాచును బయటికి వెళ్ళగొడుతుంది. అప్పుడు తెల్లగా పాలిపోతుంది. దాన్నే బ్లీచింగ్ అంటారు. పాలిపోయినంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు, కానీ ఆకలితో ఉన్నట్టు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఏ కోరల్ పెట్టినా తప్పనివి కొన్ని ఉన్నాయి: వెయ్యి పాళ్ళకు 35 పాళ్ళ ఉప్పు, అంటే సాంద్రత 1.026 దగ్గర, 25-26 డిగ్రీల సెల్సియస్ వేడి, కుళాయి నీళ్ళు కాకుండా, లవణాలన్నీ తీసేసే ఆర్వోడీఐ ఫిల్టర్ నీళ్ళు, బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాల ఓపిక. వీటిలో ఎంపికేమీ లేదు కాబట్టి ఇక్కడ ఆగను. ఎంపిక వచ్చేది వీటి తర్వాతే.

అన్నిటికంటే ముందు చూడాల్సింది: దానికి రాతి అస్థిపంజరం ఉందా? ఉంటే అది రోజూ నీళ్ళలోంచి కాల్షియాన్ని, కార్బొనేట్‌ని లాక్కుని తన ఇల్లు కట్టుకుంటూ ఉంటుంది. మనం కొలిచే ఆల్కలినిటీ (నీళ్ళలోని కార్బొనేట్‌ల లెక్క) అందుకే పడిపోతుంది. సముద్రంలో అది 7 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే యూనిట్) దగ్గర ఉంటుంది. ఇంట్లో 8, 9 మధ్య ఎక్కడో ఒకచోట కదలకుండా ఉంచాలని చూస్తాం. అది ఏ అంకె అన్నదానికంటే కదలకుండా ఉండటమే ముఖ్యం. ఆల్కలినిటీ ఒక డీకేహెచ్ పడితే కాల్షియం తగ్గేది సుమారు 7 పీపీఎం మాత్రమే. 420లో 7 ఎంత? అందుకే తేడా ముందు బయటపడేది ఆల్కలినిటీలోనే. కొత్తవాళ్ళు కాల్షియం టెస్ట్ కిట్ ముందు కొంటారు. నేనైతే ఆల్కలినిటీది కొనమంటాను.

రోజుకు ఒక డీకేహెచ్ తాగేసే ట్యాంకులో డోసింగ్, అంటే తగ్గినవాటిని ద్రావణంగా పోయడం, ఆగిపోయిందనుకోండి. నాలుగో రోజుకే ప్రమాదం మొదలవుతుంది. నీళ్ళు మార్చి సరిచేద్దామంటే కుదరదు: ట్యాంకులో 6.5 ఉండి, కొత్త నీళ్ళలో 8.5 ఉంటే, పది శాతం మార్చినందుకు పెరిగేది 0.2 మాత్రమే.

తర్వాతిది వెలుతురు. దీన్ని పార్ అనే కొలతతో చెబుతారు. పార్ మీటర్ కొంటే ఖరీదెక్కువ, చాలా ఊళ్ళలో అద్దెకు దొరుకుతుంది. మూడోది నీళ్ళలోని ఎరువు, అంటే నైట్రేట్, ఫాస్ఫేట్. "సున్నా ఉంటే మంచిది" అని పాత సలహా ఒకటి ఇంకా తిరుగుతోంది, నమ్మకండి. రెండూ సున్నాకు పడిపోయిన కొత్త ట్యాంకుల్లోనే గోధుమరంగు జిగురులా డైనోలు (డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు) పుట్టుకొస్తాయి, వాటిని వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. నాలుగోది పొరుగువాళ్ళతో గొడవ. కోరల్స్ కదలకుండా కూర్చున్నట్టు కనిపిస్తాయి కానీ రాత్రిళ్ళు ఒకదాన్నొకటి కుడతాయి. ఐదోది ధర. కింది పట్టికలో ఎల్పీఎస్ అంటే పెద్ద పాలిప్‌లున్న రాతి కోరల్స్, ఎస్పీఎస్ అంటే చిన్న పాలిప్‌లున్నవి. పాలిప్ అంటే నోరు, దాని చుట్టూ చేతులు ఉన్న చిన్న జీవి, ఎల్పీఎస్‌లో తల అనేది దీన్నే. అక్రోపోరా కూడా ఎస్పీఎస్సే, వాటిలో అన్నిటికంటే కష్టమైనది.

| | సాఫ్ట్ కోరల్స్ | ఎల్పీఎస్ | తేలిక ఎస్పీఎస్ | అక్రోపోరా |
|---|---|---|---|---|
| రాతి అస్థిపంజరం | లేదు | ఉంది, కండ పెద్దది | ఉంది, కండ పల్చన | ఉంది, త్వరగా పెరుగుతుంది |
| వెలుతురు, పార్ | 50–150 | 75–150 | 150–250 | 200–350 |
| నీటి ప్రవాహం | నెమ్మది, మధ్యస్థం | మధ్యస్థం, నేరుగా తగలకూడదు | గట్టిగా | చాలా గట్టిగా, దిక్కులు మారుతూ |
| నైట్రేట్ 20 పీపీఎం ఉంటే | హాయిగా ఉంటాయి | సర్దుకుంటాయి | రంగు మాసిపోతుంది | వద్దు |
| ఆల్కలినిటీ వాడకం | దాదాపు లేదు | కొద్దిగా | రోజూ తెలిసేంత | చాలా |
| ట్యాంక్ వయసు | 2 నెలలు | 4–6 నెలలు | 8 నెలలు | ఏడాది దాటాక |
| చిన్న ఫ్రాగ్ ధర, డాలర్లు | 10–30 | 30–100 | 20–50 | 40 నుంచి వందల దాకా |
| మీరు 4 వారాలు లేకపోతే | పక్కింటివాళ్ళు చాలు | చెప్పి చేయించుకోవాలి | మెషిన్ + మనిషి | తెలిసిన మనిషే ఉండాలి |

ఫ్రాగ్ అంటే తల్లి కోరల్ నుంచి కోసి చిన్న పలక మీద అంటించిన ముక్క. మందారం కొమ్మ విరిచి నాటినట్టే. సముద్రం నుంచి తెచ్చిన కోరల్ కంటే ట్యాంకులో పుట్టి పెరిగిన ఫ్రాగ్ మన ఇంట్లో సులువుగా ఇమిడిపోతుంది. షాపులో అడిగి మరీ అలాంటిదే తీసుకోండి.

సాఫ్ట్ కోరల్స్: చావవు, అదే చిక్కు

మష్రూమ్, జోవాంథిడ్, లెదర్, గ్రీన్ స్టార్ పాలిప్స్, జీనియా, కెన్యా ట్రీ, ఇవన్నీ ఈ కులంలోవి. శాస్త్రం లెక్కలో అన్నీ ఒక కుటుంబం కావు కానీ పెంపకం లెక్కలో ఒకటే. డోసింగ్ అక్కర్లేదు. రెండు వారాలకోసారి పది, పదిహేను శాతం నీళ్ళు మారిస్తే వాటికి కావలసినవన్నీ అందుతాయి. ఒకసారి నీళ్ళు మార్చడం మర్చిపోయినా గొడవ చేయవు.

వీటితో వచ్చే కష్టం వేరు. జీనియా అందంగా ఉంటుంది, చిన్న చేతులు మూసి తెరిచినట్టు కదులుతుంటే పిల్లలు గంటలు గంటలు చూస్తారు. నచ్చిన ట్యాంకులో అది చెరువులో గుర్రపుడెక్కే. గ్రీన్ స్టార్ పాలిప్స్ పచ్చిక పరిచినట్టు రాయి మీదంతా పాకుతాయి. ఈ రెండింటినీ ప్రధాన రాళ్ళకు దూరంగా, ఇసుకలో విడిగా పెట్టిన రాయి మీదే ఉంచండి. నేను ఉంచలేదు. ఆరేళ్ళ తర్వాత కూడా వెనక గోడ మీంచి గ్రీన్ స్టార్‌ని చాపలా చుట్టి తీస్తూనే ఉన్నాను.

లెదర్ కోరల్‌కి ఇంకో అలవాటు. ఉన్నట్టుండి ముడుచుకుపోయి, పైన మైనం పూసినట్టు మెరుస్తూ వారం రోజులు అలిగినట్టు కూర్చుంటుంది. కొత్తవాళ్ళు టెన్షన్ పడి నీళ్ళలో ఏవేవో పోస్తారు. అది చర్మం మారుస్తోంది, అంతే. ఆ పొర ఊడిపోయేలా కాస్త ప్రవాహం తగలనిస్తే చాలు. లెదర్‌లు నీళ్ళలోకి వదిలే రసాయనాలు రాతి కోరల్స్‌కి పడవు కాబట్టి, రెండు రకాలూ కలిపి పెంచేవాళ్ళు ఫిల్టర్‌లో కార్బన్ సంచి ఒకటి ఎప్పుడూ ఉంచుకోవాలి.

ఇక జోవాంథిడ్ గురించి. చవక, రంగులు బాగుంటాయి, అందరూ మొదట కొనేది అదే. కానీ వాటిలోనూ, వాటి బంధువులైన పాలిథోవాల్లోనూ కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయి శాస్త్రవేత్తలు దీన్ని పాలిథోవా నుంచే వేరుచేశారు. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో ఇదొకటి. ముట్టుకుంటే పోతారని కాదు. కోసేటప్పుడు చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. చేతికి తెగిన గాయం ఉంటే ఆ రోజు వాటి జోలికే పోవద్దు. ముఖ్యంగా, అవి ఉన్న రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్ళలో మరిగించవద్దు, బ్రష్ పెట్టి గట్టిగా తోమవద్దు. ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన ఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. చంటిపిల్లలున్న ఇంట్లో నేను మష్రూమ్‌లే పెట్టమంటాను.

ఎల్పీఎస్: చాలామంది మనసు పడేది ఇక్కడే

పెద్ద పాలిప్‌లున్న రాతి కోరల్స్ ఇవి. నీళ్ళలో గాలికి పైరు ఊగినట్టు ఊగుతుంటాయి. హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్, టార్చ్, డంకన్, క్యాండీ కేన్, ఎకాన్, బ్లాస్టో, గోనియోపోరా అన్నీ ఇందులోవే. కానీ ఈ పేర్లన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

డంకన్, క్యాండీ కేన్ రెండూ ఓర్పున్నవి. ట్యాంకుకు నాలుగు నుంచి ఆరు నెలలు నిండి, సాఫ్ట్ కోరల్స్ బాగా పెరుగుతున్నాయంటే తర్వాత ఇవి కొనొచ్చు. వారానికి ఒకటి రెండుసార్లు నానబెట్టిన మైసిస్ రొయ్యలు నోటికి అందిస్తే కొత్త తలలు వేస్తాయి. వేయకపోయినా చావవు. బ్లాస్టో, ఎకాన్ కూడా దాదాపు అంతే.

హ్యామర్ కొనేటప్పుడు కొమ్మలుగా ఉన్నది తీసుకోండి, గోడలా ఒకే పలకగా ఉన్నది వద్దు. కొమ్మల రకంలో ఒక తల కుళ్ళితే దాన్ని కోసి పారేసి మిగతావాటిని కాపాడుకోవచ్చు. గోడ రకంలో ఒక మూల మొదలైందంటే చివరిదాకా పోతుంది. ఆ కుళ్ళును బ్రౌన్ జెల్లీ అంటారు, ముక్కు మూసుకోవాల్సిన వాసన. కనిపించిన గంటలోనే ట్యాంకులోంచి తీసేయాలి.

టార్చ్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. ఒకటి, అది తన పొడవాటి చేతులతో పక్కవాటిని కాలుస్తుంది. హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ ఒకదాన్నొకటి తాకినా మామూలుగా సర్దుకుంటాయి, టార్చ్‌కి మాత్రం చుట్టూ జానెడు ఖాళీ ఉండాలి. రెండు, కొత్త ట్యాంకులో అంకెలు ఊగుతుంటాయి, ఆ ఊపు దానికి అస్సలు పడదు. మూడు, ధర. 2018లో ఇండోనేషియా కోరల్ ఎగుమతులు ఆపేసినప్పుడు టార్చ్‌ల రేట్లు ఎగబాకాయి. 2020లో సాగుచేసినవాటికి మళ్ళీ దారి తెరిచినా, బంగారు రంగువాటి మోజు తగ్గలేదు. నాలుగు వందల డాలర్ల కోరల్ ట్యాంకులో ఉంటే మనిషి ఇండియాలో పెళ్ళి పందిట్లో కూర్చుని కూడా ఫోన్‌లో కెమెరా చూస్తూ ఉంటాడు. నేను చూశాను. మా ఆవిడ ఇంకా గుర్తుచేస్తుంది.

గోనియోపోరా పువ్వుల గుత్తిలా ఉంటుంది, షాపులో మొదట కళ్ళు పడేది దానిమీదే. ఇదివరకు అది ఏడాది బతకడమే గొప్ప. ట్యాంకుల్లో పెంచిన రకాలు వచ్చాక నయం. అయినా రెండో ఏడాది చూడండి. గెలాక్సియా అనేది చవగ్గా దొరుకుతుంది, చిన్న ట్యాంకులోకి తేవద్దు. రాత్రి దాని కొరడాలు అడుగు దూరం దాకా చాస్తుంది.

ఎల్పీఎస్ నాలుగైదు తలలు దాటేదాకా నీళ్ళు మారిస్తే సరిపోతుంది. ఆ తర్వాత ఆల్కలినిటీ కొద్దికొద్దిగా జారడం మొదలవుతుంది. ఈ దశలో నాకు నచ్చిన పద్ధతి సున్నపు తేట. దీన్ని కాల్క్‌వాసర్ అని జర్మన్ పేరుతో అమ్ముతారు. ఆర్వోడీఐ నీళ్ళలో కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి తేర్చిన నీళ్ళు, అంతే. ఆవిరైపోయిన నీళ్ళ బదులు దీన్ని చుక్కలు చుక్కలుగా పడనిస్తే కాల్షియం, ఆల్కలినిటీ రెండూ సమంగా అందుతాయి. తాంబూలంలో రాసుకునే సున్నమూ రసాయనంగా ఇదే, అలాగని ఆ డబ్బా మాత్రం ట్యాంకు దగ్గరకు తేకండి, దాని శుద్ధికి పూచీ లేదు. తేటకు ఘాటు ఎక్కువ. ఆవిరైన నీళ్ళ బదులు పోసే టాప్ ఆఫ్ పంపు ఆగకుండా తిరిగి ఒకేసారి గ్యాలన్లు పడితే పీహెచ్ ఎగిరి చేపలు కూడా పోతాయి. అందుకే ఊరెళ్ళేటప్పుడు దీన్ని ఆపి మామూలు ఆర్వోడీఐ నీళ్ళు పెట్టి వెళ్తాను. ఎల్పీఎస్ తక్కువున్న ట్యాంక్ నాలుగు వారాలు ఆ లోటును తట్టుకుంటుంది. మధ్యలో ఒకసారి ఎవరైనా నీళ్ళు మారిస్తే మరీ మంచిది.

తేలిక ఎస్పీఎస్: లెక్కలు ఇష్టమైనవాళ్ళకు

పలకలుగా పెరిగే మాంటిపోరా, ముళ్ళకంపలా ఉండే బర్డ్స్‌నెస్ట్, స్టైలోఫోరా, పోసిలోపోరా. సముద్రం ఫొటోల్లో కనిపించే దిబ్బ ఆకారం ట్యాంకులో కావాలంటే ఇవే. ఇవి నిలదొక్కుకున్నాయంటే డోసింగ్ మెషిన్ తప్పదు. వారానికి రెండుసార్లు టెస్ట్ చేసి ఎక్సెల్ షీట్లో రాసుకోవడం మీకు పండగలా అనిపిస్తే ఇటు రండి. విసుగనిపిస్తే ఎల్పీఎస్ దగ్గరే ఆగండి, అక్కడ ఆగినవాళ్ళ ట్యాంకులే ఎక్కువకాలం ఉంటాయి.

కొన్న ప్రతి మాంటిపోరానీ మందు నీళ్ళలో ముంచి మరీ ట్యాంకులో పెట్టాలి. దాన్ని తినే తెల్లటి చిన్న నూడిబ్రాంక్‌లు, అంటే గుల్లలేని సముద్రపు నత్తలు, ఉంటాయి. ముంచితే అవి చస్తాయి, గుడ్లు చావవు. అందుకే ఫ్రాగ్‌ని వచ్చిన పలక మీంచి విరగ్గొట్టి కొత్త పలక మీద అంటిస్తాను, పాత పలక చెత్తబుట్టలోకి.

అక్రోపోరా: నా 2019 ఖాతా

నాదగ్గర 75 గ్యాలన్ల ట్యాంకులో పదకొండు అక్రోపోరాలు ఉండేవి. 2019 జూన్‌లో చెల్లెలి పెళ్ళికి ఇండియా వెళ్ళాం. డోసింగ్ పంపు ఉంది, కెమెరా ఉంది, రోజూ వచ్చి చూసే పక్కింటాయన ఉన్నాడు. మూడో వారంలో ఆల్కలినిటీ ద్రావణం పడే గొట్టం చివర ఉప్పు పేరుకుని మూసుకుపోయింది. మెషిన్ చప్పుడు చేస్తూనే ఉంది, డబ్బాలో ద్రావణం మాత్రం తగ్గలేదు. ఆయనకు చేపలు కనిపించాయి, చేపలు బాగున్నాయి. కెమెరాలో నాకూ నీలం లైటు కింద అంతా బాగానే కనిపించింది.

తిరిగొచ్చేసరికి ఎనిమిది తెల్లటి పుల్లలు. ఆల్కలినిటీ 5 దగ్గర ఉంది. నేను కంగారులో ఒక్క రోజులో 8కి లేపేశాను, మిగిలిన మూడూ మర్నాటికి పోయాయి. రోజుకు ఒక డీకేహెచ్ కంటే ఎక్కువ పెంచకూడదని నాకు తెలుసు, అయినా చేశాను. అదే ట్యాంకులో, అదే నీళ్ళలో, ఎర్ర మష్రూమ్ ఒకటి రెండు పిల్లల్ని పెట్టింది.

అక్రోపోరా పెంచొద్దని నేననను. ఇంట్లో ఇద్దరికీ ఈ పిచ్చి ఉండి, ఒకరు వెళ్ళినప్పుడు ఇంకొకరు ఉండగలిగితే పెంచండి. లేదా ఈ పని తెలిసిన మరో హాబీయిస్ట్ ఊళ్ళో ఉండి, మీ ప్రయాణానికి ఆయన, ఆయన ప్రయాణానికి మీరు అన్న ఒప్పందం ఉంటే పెంచండి. నాకు అప్పట్లో అదీ లేదు, ఇదీ లేదు.

సన్ కోరల్, కార్నేషన్ లాంటివి లోపల నాచు లేనివి. వెలుతురు అక్కర్లేదు కదా సులువనుకుంటారు, కానీ చేత్తో మేపకపోతే ఎండిపోతాయి. ప్రయాణాలున్నవాళ్ళకు అస్సలు కుదరవు. నీమో కోసం అనిమోన్ కొంటామంటారు కొందరు. అది కోరల్ కాదు, పైగా నడుస్తుంది. నడిచి నడిచి పంపులో పడి ముక్కలైతే ట్యాంక్ మొత్తం విషమవుతుంది. క్లౌన్‌ఫిష్‌కి అనిమోన్ లేకపోయినా ఏ లోటూ లేదు.

మీ పరిస్థితిని బట్టి

ప్రాజెక్టు మారితే ఊరు మారే ఉద్యోగమా? 20 గ్యాలన్ల ట్యాంక్, మష్రూమ్‌లు, ఒక లెదర్. బకెట్లలో వేసుకుని కార్లో మూడు వందల మైళ్ళు తీసుకెళ్ళినా మళ్ళీ తెరుచుకుంటాయి. చిన్న ట్యాంకులో నీళ్ళు తక్కువ కాబట్టి అంకెలు త్వరగా ఊగుతాయి. ఆ ఊపును తట్టుకునేవి కూడా ఇవే.

ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డారు, ఏడాదికో రెండేళ్ళకో ఇండియా వెళ్తారు, రోజుకు పావుగంట కేటాయించగలరు అంటే 40 నుంచి 75 గ్యాలన్లలో సాఫ్ట్, ఎల్పీఎస్ కలిపి పెట్టండి. నా ఇప్పటి ట్యాంక్ ఇదే. నన్నడిగితే నూటికి ఎనభై మంది తెలుగువాళ్ళకు ఇదే సరైనది. ఆ ఎనభై నా అంచనా, ఎవరూ లెక్కపెట్టలేదు.

అమ్మానాన్నలు ఆరు నెలలు వచ్చి ఉంటారనుకోండి. నాన్నగారికి ట్యాంక్ అప్పజెప్పొచ్చు, నేను అప్పజెప్పాను. పూల మొక్కలకు నీళ్ళు పోసిన మనిషి కోరల్స్‌నీ పట్టించుకుంటాడు. ఒక్కటే జాగ్రత్త: మేత ఎక్కువ వేస్తారు. "పాపం, ఇంకా అడుగుతున్నాయి" అంటారు.

ఇండియాలో ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే

లెక్క పూర్తిగా మారిపోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్లోకి 2001లో రాతి కోరల్స్ అన్నిటినీ చేర్చారు. వాటితో పాటు నల్ల పగడాలు, ఆర్గన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్‌లు కూడా. పులికి ఉన్న రక్షణే వీటికీ. అంటే పైన చెప్పిన ఎల్పీఎస్, ఎస్పీఎస్ మొత్తం పక్కన పెట్టేయాల్సిందే, హైదరాబాద్‌లో ఎవరైనా అమ్ముతామన్నా సరే. అండమాన్ ఒడ్డున దొరికిన చచ్చిన కోరల్ ముక్కను బ్యాగులో వేసుకున్నా నేరమే. మష్రూమ్, లెదర్ లాంటివి ఆ జాబితాలో పేరుపెట్టి లేవు. కానీ 2022లో చట్టాన్ని మళ్ళీ సవరించారు కాబట్టి కొనేముందు అటవీ శాఖను అడిగి, బిల్లు తీసుకుని కొనండి. ఇక్కడి నుంచి వెళ్ళేటప్పుడు తమ్ముడికి ఒక ఫ్రాగ్ తీసుకెళ్దామనే ఆలోచన పెట్టుకోవద్దు. రాతి కోరల్ దేశం దాటాలంటే అంతర్జాతీయ పర్మిట్ కావాలి.

చట్టం అయ్యాక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే మెషిన్) లేకుండా హైదరాబాద్‌లో ట్యాంక్ 26 డిగ్రీల దగ్గర ఉండదు. ఫ్యాన్ గాలితో రెండు మూడు డిగ్రీలు దించొచ్చు. విశాఖ ఉక్కపోతలో అది కూడా సరిగా పనిచేయదు. కరెంటు పోతే చిల్లర్, పంపులు రెండూ ఆగుతాయి, ఇన్వర్టర్ మీద కనీసం పంపు ఒకటి ఉండాలి. చేపలు, రాళ్ళతో ఉప్పునీటి ట్యాంక్ పెట్టుకుని, కోరల్స్‌ని లక్షద్వీప్‌లోనో అండమాన్‌లోనో నీళ్ళలోకి దిగి చూడటం నాకు మంచి బేరంగా కనిపిస్తుంది.

తాళం వేసే ముందు

ప్రయాణానికి ముందు ఆరు వారాలు కొత్త కోరల్ కొనను, లైటు మార్చను, ఫిల్టర్ మార్చను. పాత పంపు గొట్టాలు వెనిగర్‌లో నానబెట్టి కడుగుతాను, 2019 తర్వాత ఇది మరవలేదు.

నీళ్ళ లెక్క వేయండి. 40 గ్యాలన్ల ట్యాంకులో రోజుకు అర గ్యాలన్ నుంచి గ్యాలన్ దాకా ఆవిరవుతుంది. ఉప్పు ఆవిరవదు, నీళ్ళే తగ్గుతాయి, ఉప్పదనం పెరుగుతుంది. నాలుగు వారాలకు 14 నుంచి 28 గ్యాలన్ల ఆర్వోడీఐ నీళ్ళు కావాలి. టాప్ ఆఫ్ డబ్బాలో పట్టేది మామూలుగా 5 గ్యాలన్లు. అంటే వారానికోసారి, ఎక్కువ ఆవిరయ్యే ట్యాంకుకైతే ఐదు రోజులకోసారి, ఎవరో ఒకరు నింపాలి. ఆర్వోడీఐ నీళ్ళు క్యాన్లలో పట్టి, మూతల మీద 1, 2, 3, 4 అని రాసి గ్యారేజీలో వరుసగా పెడతాను. ఆ క్యాన్లు లేకపోతే మంచి మనసున్న పక్కింటాయన కుళాయి నీళ్ళు పోసేస్తాడు.

బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఉంచండి, కరెంటు పోగానే దానంతటదే మొదలయ్యే రకం. 2021 ఫిబ్రవరి మంచులో టెక్సస్‌లో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, ట్యాంక్ చుట్టూ దుప్పట్లు కట్టి, అలాంటి రెండు చిన్న పంపులతోనే నెట్టుకొచ్చాం. మాంటిపోరా సగం పోయింది, లెదర్ రెండు వారాలు ముడుచుకుని మళ్ళీ విచ్చుకుంది.

మేత కోసం మాత్రలు వేసుకునే ఏడు గళ్ళ డబ్బాలు నాలుగు కొన్నాను, డాలర్ స్టోర్‌లోనే దొరికాయి. ఒక్కో గడిలో ఆ రోజు మేత, చిటికెడు. గడి ఖాళీ అయితే ఆ రోజు మేత పడినట్టు. పెద్ద డబ్బా పై అరలో దాచేస్తాను. గాజు మీద ఒక కాగితం అంటిస్తాను, దానిమీద ఇంగ్లిష్‌లో మూడే మాటలు రాసి ఉంటాయి: కుళాయి నీళ్ళు పోయొద్దు, మెషిన్ డబ్బాలో ద్రావణం గీత కిందికి దిగిందో లేదో శనివారం చూడండి, నీళ్ళు మబ్బుగా కనిపిస్తే ఏమీ వేయకండి, ఎంత రాత్రయినా నాకు వాట్సాప్ కాల్ చేయండి.